గంజి పెట్టిన పాఠాలు

1961 జూలై 10, సోమవారం

వచ్చింది! సుగుణకు సీటు వచ్చింది! నా చిన్నబిడ్డకు, నలభై మూడేళ్ల వయసులో నాకు పుట్టిన నా బంగారుతల్లికి, పట్నంలో నర్సు ట్రైనింగుకు పేరు వచ్చింది! పోస్టు గుర్వయ్య కాగితం అందిస్తుంటే నా చేతిలోని పోగు నేసే నాడె జారి మగ్గం గుంటలో పడింది. నలభై ఏళ్ల నేతలో అది అట్లా పడింది లేదు. కాగితాన్ని కళ్లకు అద్దుకొని వాడకట్టు మొత్తం తిరిగి చెప్పి వచ్చాను. కొన్ని ఇండ్లకు రెండుసార్లు పోయానట. పోతే ఏం? మర్రిగూడలో మా సాలోళ్ల వాడలో మెట్రిక్ దాకా చదివిన ఆడపిల్ల ఇంకెవరున్నారు?

పక్కింటి గాలయ్య మాత్రం, "నర్సన్నా, ముచ్చటైతే మూడుసార్లు చెప్పినవు. బెల్లంముక్క ఒక్కసారన్న పెట్టవైతివి" అన్నాడు.

పెట్టాను. చేతినిండా పెట్టాను.

ఆ సంబరంలో కాగితం అడుగున ఉన్న రెండు వరుసలు ఎవరమూ పట్టించుకోలేదు. సుగుణే చదివి చెప్పింది. ఇంగ్లీషు పాసైనట్టు నవంబరు ఒకటో తారీఖులోగా చూపించాలి. లేకుంటే సీటు ఇంకొకరికి ఇస్తారు. మిగతావన్నీ పాసైంది, ఇంగ్లీషే రెండుసార్లు పోయింది. సెప్టెంబరులో మూడోసారి రాయాలి.

పిల్ల తెలివిగలది. నాకు ఫికర్ ఏమీ లేదు.

జూలై 11

సుగుణ పాత నోటుపుస్తకంలో చాలా కాగితాలు మిగిలి ఉంటే వాటిలో రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతే. అయినా తెలుగు చక్కగా రాస్తాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నాకు మేకలమందలా కనిపిస్తాయి, ఏది ఏదో తెలియదు. ఇంట్లో పైకి అనలేనివి ఇక్కడ పెడితే గుండె మీది బరువు తగ్గుతుంది. నా ఇంటిది మల్లమ్మతో అంటే ఆమె తిండి మానేస్తుంది.

బరువు అంటే పెద్ద బరువేమీ కాదు.

జూలై 14

సుగుణను కృష్ణయ్య సారు దగ్గరికి తీసుకుపోయాను. ఊరి బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి దిగిన మనిషి.

"ఎన్ని వచ్చినయి బిడ్డా?"

"పోయినసారి ఇరవై ఎనిమిది సార్. ముప్పై ఐదు రావాలె."

"ఏడ పోయినయి?"

"ఎన్నడు చూడని పాఠం ఒకటి ఇస్తరు సార్. అది చదివి జవాబులు రాయాలె. అండ్ల మాటలే తెలుస్తలేవు."

సారు లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చాడు. ఏం పుస్తకం అది! అరవై పొట్టి పాఠాలు, పాఠానికి ఒక్క ఆకు, ఒక్కో ఆకులో ఒక్కో సంగతి. తేనెటీగలు, ఉప్పు, ఒంటె, బొగ్గు గని, తపాలా, మంచుకొండ. ప్రతి పాఠం కింద పది కొత్త మాటలు. అంటే ఆరువందల మాటలు! లోకమంతా రెండు అట్టల మధ్య!

"బట్టీ పట్టకు బిడ్డా" అన్నాడు సారు. "దినానికి ఒక్క పాఠం. కథ లెక్క చదువు. మాట నీకు వచ్చినట్టు ఎప్పుడో ఎరుకనా? పాఠంల అడిగితే చెప్పుడు కాదు. పాఠం బయట, ఎక్కడనో, ఆ మాట కుదిరే జాగ నీ కండ్ల పడాలె. గప్పుడు వచ్చినట్టు."

తర్వాత నా వైపు తిరిగాడు. "నర్సయ్యా, పైలం. నా దగ్గర గిదొక్కటే ఉన్నది. సుగుణ అయినంక ఇంకిద్దరు ఆడపిల్లలు అడుగుతున్నరు."

కళ్లలో పెట్టుకుని చూసుకుంటానని చెప్పాను. పుస్తకం పాపం, ఎన్ని చేతులు తిరిగిందో! కుట్టు వదులై, అంచులు పోగులు లేచిన పాతగుడ్డలా ఉంది.

జూలై 17

నేను గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే సుగుణ పక్కన పీట మీద కూర్చుని పైకి చదువుతుంది. మొదట ఇంగ్లీషులో, తర్వాత నాకోసం తెలుగులో. పది మాటలనూ తెలుగు అక్షరాలలో చీటీల మీద రాసి మగ్గం గుంజలకు అంటించింది, నేను చూసి అడగాలని. నేను! ఇంగ్లీషు అడిగే మాస్టర్ని!

"హనీ?" అంటాను.

"తేనె బాపు."

"స్వార్మ్?"

"ఈగల దండు."

మల్లమ్మ రాట్నం మీద కండెలు చుడుతూ, "ఏందయ్యా, బట్ట నేస్తున్నవా, బడి నడుపుతున్నవా? పేక తప్పు పడ్డది చూడు" అన్నది. నిజమే, మూడు పోగులు తప్పాయి. తేనెటీగల కోసం మూడు పోగులు పోతే పోనీ.

సారు రోజుకు ఒకటి అన్నాడు. మేము రోజుకు ఆరు చదువుతున్నాం. ఈ లెక్కన ముందే అయిపోతుంది. ఫికర్ లేదు.

జూలై 19

పళ్ల పాఠం. తెల్లని పళ్లు ముత్యాలలా మెరుస్తాయని రాశారట. సుగుణ చదువుతూ చదువుతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఊరి నీళ్లు తాగి పెరిగిన పళ్లు అట్లా ఎక్కడ ఉంటాయి, అందరివీ ఇటుకరంగే.

"పట్నంల నవ్వుతరా బాపు?"

"నవ్వినోళ్లకు సూది జర గట్టిగ పొడువు" అన్నాను.

నవ్వింది. ఆ నీళ్లకే బిగిసిన నా మెడ అంత దూరం తిరగదు కాబట్టి పూర్తిగా చూడలేదు గానీ, నవ్వింది.

జూలై 22

దీపస్తంభం పాఠం. సముద్రం ఒడ్డున ఎత్తైన కట్టడం, దాని పైన పెద్ద దీపం, దీపాన్ని కాసే ఒక ముసలాయన. కొడుకు పడవ గాలివానలో చిక్కుకుంది. ఊరివాళ్లు వచ్చి అడిగితే "ఏం కాదు, నాకేం భయం లేదు" అంటాడు. చేతులేమో వణుకుతుంటాయి. తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తుంటాడు. ఆయనకు ఒక మాట వాడారు, యాంక్షస్ అని. అంటే ఏమిటని అడిగాను.

"లోపల్లోపట ఆరాటపడేటోడు బాపు. పైకి చెప్పడు."

పాపం ముసలాయన. కొందరు అట్లాగే ఉంటారు.

జూలై 26

అరవై పాఠాలూ అయిపోయాయి! పది రోజులలో!

చీటీలు వరుసగా అడిగితే గడగడా చెప్పింది. సంతోషం పట్టలేక మధ్యలోంచి ఒకటి లాగి అడిగాను. ఆగింది. ఇంకొకటి అడిగాను. మళ్లీ ఆగింది. సరే, ఆ పాఠంలో కథ ఏమిటో చెప్పమన్నాను.

"ఏ కథ బాపు?" అన్నది.

అలసిపోయి ఉంటుంది. పరీక్షకు ఇంకా యాభై నాలుగు రోజులున్నాయి. ఫికర్ లేదు.

జూలై 27

పొద్దున బస్సుకు తల్లీబిడ్డలు నల్లగొండ పోయారు, పరీక్ష ఫారం ఇవ్వడానికి. మల్లమ్మ చెల్లెలు నిర్మలమ్మ ఇంట్లో ఉండి రేపు వస్తారు.

ఇల్లంతా నాదే. మగ్గం ఆపి పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. పద్దెనిమిది ఆకులు ఊడి ఉన్నాయి. బిడ్డ ఇంకొకసారి మొదటినుంచి చదవాలి, ఆ తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలు చదవాలి, ఇది ఎట్లా ఓపుతుంది? అప్పుడు తట్టింది. నూలు మాత్రం మా దగ్గరికి గట్టిగా వస్తుందా? గంజి పెడితేనే కదా మగ్గం దెబ్బకు ఆగుతుంది. కాగితమూ అట్లాంటిదే.

పలచగా గంజి కాచాను. పడుగుకైతే నూనెచుక్క వేస్తాం. కాగితం నూనె పీలుస్తుందని వేయలేదు, అంత తెలివితక్కువవాణ్ని కాను. కుట్టు విప్పి, ఆకు ఆకుకూ రెండు వైపులా కుంచెతో మెల్లగా పూసి, నీడలో తాడు మీద ఆరేశాను. అరవై ఆకులు! గాలయ్య గోడ మీంచి చూసి, "ఏంది నర్సన్నా, ఇంగ్లీషుకు ఉతుకు వెట్టినవా?" అన్నాడు.

ఆరిన తర్వాత చూడాలి! అప్పడాల్లా ఫెళఫెళమన్నాయి. వాలిపోయిన అంచులు నిలబడ్డాయి. నా నూలుతో నేనే కుట్టాను. వంపు పోవడానికి కింద ఒక పలక, మీద ఒక పలక వేసి, పైన నూరే రాయి బరువు పెట్టాను. బిడ్డ చదువు కోసం ఇన్నేళ్లలో నా చేతులతో చేసిన పని ఇదొక్కటే. బిడ్డ వచ్చి చూడాలి! చూడాలి!

జూలై 28

వాన. బస్సు రాలేదు.

జూలై 29

ముసురు పట్టింది. నల్లగొండ దారిలో వాగు పొంగిందట. నిర్మలమ్మది పెంకుటిల్లు, వాళ్లకేం కాదు. ఫికర్ లేదు. ఇక్కడ నేలంతా చెమ్మ, మగ్గం మీద పడుగు కూడా మెత్తబడింది. పుస్తకం రాయి కింద భద్రంగా ఉంది.

జూలై 31

రాయి ఎత్తాను.

ఆగస్టు 1

నిన్న అంతకుమించి రాయలేదు.

పుస్తకం లేదు. ఒక మొద్దు ఉంది. చెమ్మకు గంజి మెత్తబడి, బరువుకు అంటుకొని, అరవై ఆకులూ ఒక్కటైపోయాయి. ఒక మూల గోటితో లేపి చూశాను, పై ఆకు అక్షరాలు కింది ఆకుకు పోయాయి. ఒంటె మీద బొగ్గు గని ఎక్కింది. నీళ్లు చల్లి చూశాను, ఇంకా జిగురైంది. పడుగుకు గంజి పెట్టినాక ఆరేదాకా దువ్వుతూనే ఉంటాం, పోగుకు పోగు అంటకుండా. మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కాగితాన్ని ఎవరు దువ్వుతారు?

వాగు ఇంకా తగ్గలేదట. బతికాను.

ఆగస్టు 2

వాగు తగ్గలేదు. తండ్రినై ఉండి, బిడ్డ ఇంటికి రావద్దని మొక్కుతున్నాను. గాలయ్య వచ్చి, "రంది వెట్టుకోకు నర్సన్నా, రేపటికల్ల తగ్గుతది" అని ధైర్యం చెప్పాడు. నా ప్రాణం జారిపోయింది.

ఆగస్టు 4

వచ్చారు.

బస్సు చప్పుడు వినగానే మొద్దును పాతగుడ్డలో చుట్టి, మగ్గం గుంటలో, కాళ్లతో తొక్కే పలకల వెనక పెట్టాను. సుగుణ కాళ్లు కడుక్కొని వస్తూనే అడిగింది.

"పుస్తకమేది బాపు?"

"సారు తీస్కపోయిండు బిడ్డా. ఇంకో పిల్ల అడిగిందట. మళ్ల ఇస్తడు."

"అట్లనా" అన్నది.

ఇది అబద్ధం కాదు. ఆలస్యంగా చెప్పబోయే నిజం. ఫికర్ లేదు.

ఆగస్టు 7

మూడు రోజులుగా సుగుణ పుస్తకం లేక మగ్గం చుట్టూ తిరుగుతున్నది. గుంజల మీది చీటీలు కూడా చెమ్మకు ఊడి పడ్డాయి. ఇంక నలభై రెండు రోజులు. చూడలేకపోయాను.

"బిడ్డా, కూసో. దీపస్తంభం పాఠం నేను చెప్త" అన్నాను.

"నువ్వా బాపు?"

నేనే. నా తలలో ఉందో లేదో తెలియదు గానీ, బట్టలో ఉంది. నేసి చుట్టిన బట్టను విప్పితే, ఆ పాఠం విన్నప్పుడు వేసిన ఎర్ర అంచు కనిపించింది. దాని మీద వేలు పెడితే ముసలాయన లేచి వచ్చాడు. మూడు పోగులు తప్పిన చోట తేనెటీగలు ఉన్నాయి. నేను నేసినంత మేర ఆమె చదివిందంతా అందులోనే ఉంది!

తెలుగులో చెప్పుకుంటూ పోయాను. సుగుణ మధ్యలో ఆపింది. "ఆగు బాపు. గాలివానకు మాట ఉండె... స్టార్మ్! వణుకుడుకు... ట్రెంబుల్!" పది మాటలలో ఎనిమిది ఆమే తెచ్చుకుంది, వరుస లేకుండా, కథలోంచి. కోపం కూడా చేసింది. "గట్ల కాదు బాపు, ముసలోడు ఏడ్వలే. నువ్వే ఏడిపిస్తున్నవు."

కొంచెం ఏడిపించాను, నిజమే.

ఆగస్టు 9

నేను చెప్పిన పాఠాలను తన ఇంగ్లీషులో రాసుకుంటానంటున్నది. మంచిదే! చాలా మంచిది! కానీ దుకాణంలో నోటుపుస్తకాలు లేవు, వానలకు సరుకు రాలేదు. ఇంట్లో ఉన్న ఖాళీ కాగితం ఈ పుస్తకంలోనే.

ఈ రాత అయిపోగానే, నేను రాసిన ఆకులన్నీ కలిపి అంచున సూదితో కుట్టేసి, మా సాలోళ్ల ముడి వేస్తాను. పుస్తకం తిప్పి వెనక నుంచి రాసుకోమని ఇస్తాను. ముందు వైపు మా నేత సంఘం ముచ్చట్లు ఉన్నాయని చెబుతాను. నా బిడ్డ చూసే రకం కాదు. ఫికర్ లేదు.

ఆగస్టు 13

సంఘం చీటీల వెనక రాస్తున్నాను. ఇకనుంచి ఇవే.

పొద్దున కృష్ణయ్య సారు మా వాడలోకి వచ్చాడు! చూస్తూనే గుంటలోకి వంగిపోయాను, కాలి పలకల తాడు తెగిందన్నట్టు.

"ఏడమ్మా మీ బాపు?"

"గుంటల ఉన్నడు సార్. తాడు తెగినట్టున్నది."

చాలాసేపు తెగిన తాడు ముడివేశాను. పైన ఇద్దరూ ఏదో మెల్లగా మాట్లాడుకున్నారు. నవ్వుకున్నారు కూడా. సారు పుస్తకం ఊసు ఎత్తకుండానే పోయాడు. దేవుడున్నాడు.

సెప్టెంబరు 3

నలభై పాఠాలు తిరిగి వచ్చాయి. రోజుకు ఒకటి, మహా అంటే రెండు. సారు మొదట చెప్పినట్టే ఇప్పుడు చేస్తున్నాం. మూడు పాఠాలు మాత్రం ఎంత పిలిచినా రావడం లేదు. అవి చదివినప్పుడు నేను మగ్గం మీద లేను, గాలయ్యతో గొప్పలు చెప్పడానికి పోయి ఉంటాను.

సుగుణ ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ మాటలు అంటున్నది. గాలయ్య మేక దారిలో మొండికేస్తే "స్టబర్న్" అంటుంది. మల్లమ్మ గొణిగితే "మర్మర్" అంటుంది.

"ఏమన్నది? నన్ను తిట్టిందా?" అని మల్లమ్మ.

"నువ్వు పాడుతున్నవన్నది" అన్నాను.

పరీక్షకు ఇంక పదిహేను రోజులు. గుంటలో కాలు పెట్టినప్పుడల్లా వెనక నుంచి మొద్దు తగులుతుంది.

సెప్టెంబరు 18

నల్లగొండ. లోపల సుగుణ, గోడ బయట నేను. మూడు గంటలు. నా కండువా అంచు పోగులన్నీ పీకేశాను, నేసినవాణ్నే పీకాను.

బయటికి వచ్చింది. ముఖం చూసి ఏమీ తెలియలేదు.

"తెల్వని పాఠం దేని మీద ఇచ్చిండ్రు బిడ్డా? ఒంటెనా? ఉప్పా?"

"చాయ్ తోట బాపు."

అరవైలో చాయ్ తోట లేనే లేదు.

"నాలుగు మాటలు ఎరుకలేవు" అన్నది. "కానీ ముచ్చట ఎరుకైంది. కొండ మీద ఆడోళ్లు ఆకు తెంపుతున్నరు, మబ్బు కమ్మింది, ఇంటికాడ పిల్లలున్నరు. ముచ్చట పట్టుకుంటే మాటలు వాటి జాగల అవే దొరికినయి. నువ్వు చెప్పుతుంటే దొరికినట్టే."

దారి పొడుగునా ఆ నాలుగు మాటల గురించే ఆలోచించాను.

అక్టోబరు 5

పోస్టు లేదు.

అక్టోబరు 12

పోస్టు లేదు. గుర్వయ్య నన్ను చూసి ఇంకో వాడ మీదుగా పోతున్నాడు.

అక్టోబరు 21

పాస్! పాస్! పాస్! నలభై మూడు! గుర్వయ్య వాడ మొదట్నుంచే అరుచుకుంటూ వచ్చాడు, నా బిడ్డ నంబరు ఆయన కూడా నోటికి నేర్చుకున్నాడట! మల్లమ్మ రాట్నం వదిలి ఏడ్చింది. నేను గాలయ్యను ఎత్తుకోబోయాను, నడుము సహకరించలేదు, ఆయనే నన్ను ఎత్తాడు. ఈసారి ఇంటింటికీ మూడుసార్లు పోయాను, బెల్లం ముందు పెట్టి ముచ్చట తర్వాత చెప్పాను. ఒకటో తారీఖుకు ఇంకా పది రోజులుంది. నా సరస్వతి! నా బంగారుకొండ!

సాయంత్రం గుంటలో దిగితే కాలికి మొద్దు తగిలింది.

అక్టోబరు 23

గుడ్డ చుట్ట చంకలో పెట్టుకొని సారు ఇంటికి పోయాను. విప్పి ముందు పెట్టి, జరిగినదంతా చెప్పి, కాళ్ల మీద పడబోయాను. ఆయన మొద్దును తిప్పి తిప్పి చూశాడు, వేలితో కొట్టి చూశాడు.

"గోడకు పెట్టొచ్చు నర్సయ్యా. గట్టిగనే ఉన్నది."

"తప్పైంది సారూ."

"పుస్తకానికి గంజి వెట్టిన మొగోణ్ని నా జన్మల నిన్నొక్కణ్నే చూసిన. తప్పు గంజిది కాదు. రెండున్నర నెలలు దాస్తివి, గది తప్పు. ఆ ఇద్దరు పిల్లలకు ఇప్పుడు నేనేమియ్యాలె?"

నేను మొద్దును మళ్లీ గుడ్డలో చుట్టబోయాను.

"సుగుణ రాసిన నోటుపుస్తకం పట్టుకరా. గదే ఇస్త. యాదికి రాని మూడు పాఠాలు నువ్వే కల్పించి చెప్పు, నీకు కల్పించుడు బాగనే వస్తది."

నోటుపుస్తకం సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందో అడగడం మరిచిపోయాను.

అక్టోబరు 30

పోయింది. మలుపు దాటేదాకా బస్సు కిటికీలోంచి చేయి ఊపింది. నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

నవంబరు 6, సోమవారం

సారుకు ఇవ్వడానికి నోటుపుస్తకాన్ని రెండుగా చేయాలని కూర్చున్నాను. సుగుణ రాసింది ఆయనకు, నేను రాసింది నాకు. కుట్టు తెంపబోతూ ఆగాను. నా ముడి కాదు అది. నేను రెండు మెలికలు వేస్తాను. ఇది మూడు మెలికలు, మల్లమ్మ కండె పోగు తెగినప్పుడు వేసేది, బిడ్డకు నేర్పినది.

విప్పాను. అంచుల్లో పెన్సిలు రాత ఉంది, తెలుగు అక్షరాలలో, గుంజలకు అంటించిన చీటీల మీద రాసినట్టే. నేను ఫికర్ లేదని రాసిన ప్రతిచోటా, పక్కన ఒకటే మాట. యాంక్షస్. సీటు వచ్చిన రోజు ఉంది. వాగు పొంగిన రోజు ఉంది. అబద్ధం ఆడిన రోజు ఉంది. మొత్తం ఆరు చోట్ల. నూటికి నూరు, ఆరుకు ఆరు!

పుస్తకానికి గంజి పెట్టిన రోజు, బిడ్డ వచ్చి చూడాలి అని రాసుకున్నాను కదా. అక్కడ ఇంగ్లీషు మాట పెట్టలేదు. "చూసిన బాపు" అని ఉంది.

ఆగస్టులో నేను గుంటలో తాడు ముడివేస్తుంటే పైన ఇద్దరూ ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలిసింది. నలభై రోజులు నా ఎదురుగా కూర్చుని, పుస్తకమేదని మళ్లీ ఒక్కసారైనా అడగలేదు.

సుగుణ పోయి ఏడు రోజులు. చేరినట్టు ఉత్తరం రాలేదు. గుర్వయ్య ఇవాళ కూడా ఉత్తచేతులు చూపించి పోయాడు. పట్నం పెద్దది, మనుషులు ఎట్లాంటివాళ్లో. నాకు ఫికర్ లే... దాకా రాసి కొట్టేశాను.

నేను యాంక్షస్.

ఈ మాట నాకు వచ్చింది.